గోల్ఫు క్రీడయందు కాలినడక

మా తరగతియందలి బాలుడొకడు దూరదర్శనిలో గోల్ఫు పోటీ చూచి వచ్చి, “మాష్టారూ, వీరు ఆడుటకంటె నడచుటయే ఎక్కువగా నున్నది. దీనిని ఆట యనవచ్చునా?” అని అడిగెను. తరగతి నవ్వినది. మేమును నవ్వితిమి గాని వెంటనే సమాధానము చెప్పలేకపోతిమి. తరువాత విచారింపగా, ఆ ప్రశ్న అమెరికా దేశపు సర్వోన్నత న్యాయస్థానము వరకు పోయినదని తెలిసినది. అందుచే ఈ పాఠమును విద్యార్థులకే గాక వారి తల్లిదండ్రులకును వినిపింపదలచితిమి. మన బరంపురమున గోల్ఫు ఆడువారు అరుదు. ఆడకున్నను, నడక యన నేమో మన మెరుగుదుము గదా!

ఒక పూర్తి గోల్ఫు మైదానమున 18 రంధ్రము లుండును. ‘టీ’ యను చోటనుండి బంతిని కర్రతో కొట్టి, ‘గ్రీన్’ అను నున్నని పచ్చికలోనున్న రంధ్రమున పడవేయవలెను. తక్కువ దెబ్బలలో అన్నిటిని ముగించినవాడు విజేత. పెద్ద పోటీలు జరుగు మైదానముల పొడవు 7,000 గజములకు అటునిటుగా నుండును, అనగా సుమారు ఆరున్నర కిలోమీటర్లు. అయితే బంతి ఎప్పుడును తిన్నగా పోదు. అది పొదలలోనికి పోయిన ఆటగాడును పొదలలోనికి పోవలెను. ఈ వంకరలన్నియు కలిపిన నడక ఎనిమిది మొదలు పది కిలోమీటర్ల వరకు తేలును. బరంపురమునుండి గోపాలపురము సముద్రతీరము సుమారు 16 కిలోమీటర్లు. ఆటగాడు దినమునకు అందు సగము దారికి పైగా నడచును. పోటీ నాలుగు దినములు జరుగును గనుక, ముగియునప్పటికి అతడు గోపాలపురము వెళ్లి, తిరిగివచ్చి, ఇంకను కొంత నడచినవాడగును.

దూరము మాత్రమే అయినచో మన పల్లెటూళ్ల సంతకు పోవు ముసలమ్మలు దీనిని లెక్కచేయరు. కష్టము వేరుచోట్ల నున్నది.

మొదట నేల. ఈ ఆట స్కాట్లాండు తీరమున, సముద్రమునకును సాగుభూములకును నడుమనుండు ఇసుకదిబ్బలపై పెరిగినది. గోపాలపురమున పొడి ఇసుకలో పది నిమిషములు నడచినవారికి పిక్కలు పట్టివేయుట అనుభవమే. ఆ స్కాట్లాండు దిబ్బలపై పొట్టి గట్టి గడ్డి మొలచి పాదమును నిలుపును గాని, అడ్డములేని సముద్రపు గాలి మనిషిని అలసింపజేయును. 1860 అక్టోబరులో ప్రెస్ట్‌విక్ అను చోట మొట్టమొదటి ‘ఓపెన్’ పోటీ జరిగినప్పుడు అచట ఉన్నవి 12 రంధ్రములే. ఎనిమిదిమంది ఆటగాండ్రు ఒక్క దినముననే వానిని మూడుమారులు చుట్టివచ్చిరి. అచటి మైదానమున ఒక దిబ్బను దాటించి కొట్టవలసిన రంధ్రమునకు ‘హిమాలయములు’ అని పేరు. మన మహేంద్రగిరిని చూచినవారు ఆ పేరు విని నవ్వవచ్చును!

పిమ్మట ఎత్తుపల్లములు. జార్జియా రాష్ట్రమున అగస్టా నగరమునందలి మైదానము జగత్ప్రసిద్ధము. 1934 నుండి అచట ‘మాస్టర్స్’ పోటీ జరుగుచున్నది. దూరదర్శనిలో అది చాప పరచినట్లు కనబడును. వెళ్లి చూచినవారందరును మొదట చెప్పునది దాని వాలును గురించియే. పదవ రంధ్రమున టీ నుండి గ్రీన్ వరకు నేల నూరు అడుగులకు పైగా దిగిపోవును. అలసిన కాళ్లతో పదునెనిమిదవ రంధ్రమునకు మరల పైకెక్కవలెను. టైగర్ వుడ్స్ 2021 ఫిబ్రవరిలో కారు ప్రమాదమున కుడికాలు నుజ్జుకాగా, 2022 ఏప్రిల్‌లో ఈ మైదానముననే తిరిగి పెద్ద పోటీకి దిగెను. బంతిని కొట్టుట తనకు కష్టము కాదనియు, నడచుటయే కష్టమనియు ముందుగనే చెప్పెను. నాలుగు దినములును నడచి 47వ స్థానమున నిలచెను. ఋషికుల్యా తీరమున తారాతారిణి కొండకు 999 మెట్లు ఎక్కి దిగినవారికి ఇందలి మర్మము తెలియును. ఎక్కుట ఊపిరిని, దిగుట మోకాళ్లను పరీక్షించును. మోకాళ్ల పరీక్షయే కఠినమైనది.

ఇక అన్నిటికంటె బలీయమైనది ఎండ. దీనిని గురించి కొంత విపులముగా చెప్పవలసియున్నది.

1964 జూన్‌లో అమెరికా ఓపెన్ పోటీ వాషింగ్టన్ సమీపమున కాంగ్రెషనల్ అను మైదానమున జరిగెను. ఆ కాలమున చివరి దినమున 36 రంధ్రములు, అనగా రెండు పూర్తి చుట్లు, ఆడవలసియుండెను. ఆ శనివారము ఎండ 100 డిగ్రీల ఫారన్‌హీటుకు చేరువైనది, గాలిలో తేమ నిండియున్నది. మన గంజాం జిల్లా వేసవివంటిదే. కెన్ వెంచురీ అను ఆటగాడు ఉదయపు చుట్టును 66 దెబ్బలలో ముగించెను గాని, చివరి రంధ్రములకు వచ్చునప్పటికి అతని దేహము వణకనారంభించెను. విరామమున పరీక్షించిన వైద్యుడు మరల బయలుదేరిన ప్రాణాపాయము కలుగవచ్చునని హెచ్చరించెను. వెంచురీ వినలేదు. వైద్యుడు ఉప్పు బిళ్లలు, తడిగుడ్డలు పట్టుకొని అతని వెంట నడచెను. రెండవ చుట్టు 70 దెబ్బలు. నాలుగు దెబ్బల తేడాతో వెంచురీ గెలిచెను. చివరి గ్రీన్‌పై వంగి బంతిని తీసికొను శక్తియు అతనికి లేకపోగా, తోడి ఆటగాడు, 21 ఏండ్ల రేమండ్ ఫ్లాయిడ్, కన్నీళ్లతో దానిని తీసి అతని చేతికిచ్చెను. మరుసటి సంవత్సరమునుండి ఆ పోటీని నాలుగు దినములకు విస్తరించిరి.

ఈ కథను విద్యార్థులకు ధైర్యమునకు నిదర్శనముగా చెప్పుట సులభము. మేము అట్లు చెప్పుటకు జంకుచున్నాము. 1998 వేసవిలో వడదెబ్బచే ఒడిశాలో రెండువేలమందికి పైగా మరణించిరి. ఆ దారుణము తరువాతనే వేసవిలో బడులను ఉదయపు వేళకు మార్చుట, పనివేళలు సవరించుట మొదలగు ఏర్పాట్లు రాష్ట్రమున గట్టిపడినవి. దాహము వేయకమునుపే నీరు త్రాగవలెను, చెమటతో పోయిన లవణములను ఓ.ఆర్.ఎస్. వంటి ద్రావణముతో తిరిగి ఇయ్యవలెను. తల తిరుగుచున్న బాలుడు “ఇంకొక చుట్టు పరుగెత్తెదను” అన్నను నీడకు తీసికొని రావలెను. వెంచురీ బ్రతికెను గనుక అది వీరగాథ యైనది.

మైదానముల మాటకు తిరిగివత్తము. పూర్వులు మైదానమును కాలినడకన తిరిగి నిర్మించిరి. ఒక గ్రీన్ ముగిసినచోటనే తరువాతి టీ యుండును. విద్యుత్తుతో నడచు చిన్న బండ్లు వచ్చిన పిమ్మట నిర్మాతలు కొండలోయలను లెక్కచేయుట మానిరి. హవాయీ దీవులలో 1991లో ఏర్పడిన కపలువా మైదానము కొండవాలుపై లోయల కడ్డముగా నున్నది. 1999 నుండి 2025 వరకు ప్రతి జనవరిలోను అచట ఆడిన వృత్తి క్రీడాకారులు తమ సంవత్సరములోకెల్ల కష్టమైన నడక ఇదేయని చెప్పుచుండిరి. ఇందుకు భిన్నముగా, న్యూయార్కు రాష్ట్ర ప్రభుత్వమునకు చెందిన బెత్‌పేజ్ ‘నల్ల మైదానము’న బండ్లు నిషిద్ధములు. మొదటి టీ వద్ద, ఇది మిక్కిలి కఠినమైనది, మంచి నేర్పరులే ఆడుట మేలు అను హెచ్చరిక బల్ల వేలాడుచుండును. అట్టిచోట 2002లోను, 2009లోను అమెరికా ఓపెన్ జరిగినది. సామాన్యుడు రుసుము చెల్లించి నడువదగిన మైదానమగుట మాకు నచ్చిన సంగతి.

మన దేశమున షిల్లాంగు మైదానము దేవదారు చెట్ల నడుమ ఎగుడుదిగుడు లోయలో నున్నది. తెలుగునేలపై హైదరాబాదు గోల్ఫు క్లబ్బు వారి మైదానము గోలకొండ కోటలోని నయా ఖిల్లాలో, బండరాళ్ల నడుమ సాగును. నాలుగువందల ఏండ్లనాటిదిగా చెప్పబడు ‘హతియన్’ అను బ్రహ్మాండమైన బావోబాబు వృక్షము ఆ కోటలోనే కలదు. మన బంధువులనేకులు నివసించు విశాఖపట్టణమున ముడసర్లోవ వైపు కొండల చెంత ఈస్ట్ పాయింట్ గోల్ఫు క్లబ్బు కలదు. సెలవులకు పోయినపుడు చూడవచ్చును.

ఇప్పుడు మా విద్యార్థి ప్రశ్నకు వత్తము. కేసీ మార్టిన్ అను అమెరికా యువకునికి పుట్టుకతోనే కుడికాలిలో రక్తప్రసారలోపము. నడచిన కొలది నొప్పి, ఎముక విరుగునను భయము. బంతిని కొట్టుటలో మాత్రము మేటి. బండిపై పోవుటకు అనుమతి నిమ్మని అడుగగా, నడకయు ఆటలో భాగమని వృత్తి క్రీడాకారుల సంస్థ నిరాకరించెను. వ్యాజ్యము సాగినది. మహామహులైన ఆర్నాల్డ్ పామర్, జాక్ నిక్లస్ అలసటయు ఒక పరీక్షయే యని సాక్ష్యమిచ్చిరి. అదే మాట చెప్పినవారిలో కెన్ వెంచురీ కూడ నుండెను! ఎండలో కూలబోయియు గెలిచినవాడు అట్లనుటలో ఆశ్చర్యము లేదు. ప్రతిపక్షమున శరీరశాస్త్రము నెరిగిన ఆచార్యుడొకడు లెక్క చెప్పెను: అయిదు గంటలలో సుమారు అయిదు మైళ్ల నడకకు ఖర్చగునది 500 కేలరీలు మాత్రమే, తీవ్రమైన ఎండలోనైనను మనిషిని పడవేయునది నడక కాదు, దేహమునుండి నీరు పోవుట. వెంచురీకి జరిగినదియు ఇదే గదా యని మాకు తోచినది.

2001 మే 29న ఏడుగురు న్యాయమూర్తులు మార్టిన్ పక్షమునను, ఇద్దరు ప్రతికూలముగను తీర్పు చెప్పిరి. ఆట యొక్క ప్రాణము దెబ్బ కొట్టుటలో నున్నది, అతడు బండిలో కూర్చుండియు ఇతరులకంటె ఎక్కువగా అలసిపోవుచున్నాడు గనుక, బండి అతనికి అన్యాయపు లాభము కాదని అధికసంఖ్యాకుల అభిప్రాయము. ఆటల నియమములన్నియు మనుష్యులు కల్పించుకొన్నవే, ఇందు ఏది ప్రాణము, ఏది కాదని తేల్చుట న్యాయస్థానము పని కాదని స్కాలియా అను న్యాయమూర్తి వ్యతిరేకించెను. ఆ మాటయు త్రోసివేయదగినది కాదు. తారాతారిణికి మెట్లెక్కి పోయినవానికిని రోప్‌వేలో పోయినవానికిని దర్శన మొక్కటే. కాని దర్శనములో పోటీ లేదు, ఆటలో కలదు. చిక్కంతయు అచటనే యున్నది.

అయినను మేము తీర్పు పక్షముననే యున్నాము. మార్టిన్ 1998లో సాన్ ఫ్రాన్సిస్కోలోని ఒలింపిక్ క్లబ్బు మైదానమున అమెరికా ఓపెన్ ఆడెను. అది సమతలము కనబడని ఏటవాలు నేల. బండి లేనిచో అతడు అందడుగు పెట్టజాలడు. బండి యున్నను బంతి తనంతట తాను రంధ్రమున పడలేదు. అతడు 23వ స్థానమున నిలచెను. 2021లో ఆ కాలును తొలగింపవలసివచ్చినది. ప్రతి సంవత్సరమును క్రీడాదినమున ఒకరిద్దరు పిల్లలు గట్టుపై కూర్చుండి తోటివారి చెప్పులకు కాపలా కాయుట మన మెరుగుదుము. ఏ ఆటలో ఏ నియమమును సడలించిన ఆ బిడ్డయు బరిలోనికి రాగలడో, ఆట చెడక యుండునో, అది ఒక్కొక్క ఆటకు, ఒక్కొక్క బిడ్డకు వేరువేరుగా ఆలోచింపవలసిన విషయము. తల్లిదండ్రులు వచ్చి చెప్పినగాని ఉపాధ్యాయులకు అన్నియు తెలియవు.

ఒక సంగతి మిగిలినది. ఆటగాడు వట్టిచేతులతో నడచును. 14 వరకు కర్రలున్న సంచిని మోయువాడు ‘కాడీ’. పెద్ద పోటీలలో దాని బరువు 15 కిలోలకు పైబడుట కలదు. మన దేశమున పేదయిండ్ల బాలురనేకులు ఈ మోతతోనే గోల్ఫు నేర్చిరి. ఢిల్లీలో కాడీగా నుండిన అలీ షేర్ 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచిన తొలి భారతీయుడు. అమెరికాలో చిక్ ఇవాన్స్ అను ఆటగాడు, ధనాభావముచే తన చదువు ఆగిపోగా, కాడీలకు విద్యార్థివేతనము లిచ్చు నిధిని నెలకొల్పెను. 1930లో ఇద్దరితో మొదలైన ఆ నిధి నేటికిని నడచుచున్నది.

వీరందరికంటె మా తరగతికి నచ్చినవాడు ఎడ్డీ లోవరీ. 1913లో బ్రూక్‌లైన్ మైదానమున, 20 ఏండ్ల ఫ్రాన్సిస్ వీమెట్, తానును ఒకప్పుడు కాడీయే, ఇంగ్లండు దిగ్గజములైన హ్యారీ వార్డన్‌ను, టెడ్ రేను ఓడించి అమెరికా ఓపెన్ గెలిచినపుడు, అతని సంచి మోసిన పదేండ్ల పిల్లవాడితడు. బడి ఎగవేసి వచ్చెను. ఇది చెప్పగా, మొదట ప్రశ్న అడిగిన బాలుడే మరల లేచి, “మరునాడు బడికి పోయెనా, మాష్టారూ?” అనెను. పంచాంగము చూచి చెప్పితిమి: ఆట ముగిసినది సెప్టెంబరు 20, శనివారము. మరునాడు సెలవు.