యేసు దేవుడా, సృష్టింపబడినవాడా?

ప్రశ్న: మా సంఘంలో దీని మీదే గొడవ. ఎవరు నిజమైన క్రైస్తవులండీ?

జవాబు: ఇది పాత గొడవే. అలెగ్జాండ్రియాలో అరియస్ అనే గురువు, కుమారుడు సృష్టింపబడినవాడేనని బోధించాడు. 325లో నైసియా సభ ఆ బోధను తోసిపుచ్చింది. నా ఓటూ నైసియాకే. 451లో కాల్సెదోను సభ, క్రీస్తులో దైవ, మానవ స్వభావాలు రెండూ ఉన్నాయంది. ఈజిప్టు కాప్టులు ఆ సూత్రాన్ని ఒప్పుకోలేదు. అంతమాత్రాన వాళ్లు క్రైస్తవులు కాకుండా పోతారా? చివరికి 1973లో పోపు ఆరవ పౌలు, కాప్టిక్ పోపు మూడవ షెనూదా క్రీస్తు గురించిన ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు పెట్టారు. పదిహేను వందల ఏళ్లు పట్టింది లెండి!

మత్తయి 25లో తీర్పునాడు అడిగేవి వేరు: ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టావా, చెరసాలలో ఉన్నవాణ్ని చూడబోయావా? మీ బైబిలు తరగతిలో యోహాను 1వ అధ్యాయంతోపాటు దాన్నీ చదవండి.