పాయింట్లు పీకే ముందు

"అన్నా, ఈ పాయింట్ల గోల నాకొద్దు. సీడీఐ పెట్టెయ్." పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్ తోసుకుంటూ షెడ్డుకొచ్చే ఓనర్లలో చాలామంది నోట మొదట వచ్చే మాట ఇది. కొత్తగా షెడ్డు పెట్టుకున్న కుర్రాళ్లకు వినడానికి బాగుంటుంది. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ కిట్టు మీద నాలుగు రూపాయలు మిగులుతాయి, పనేమో ఒక పూటది. కానీ అలా వచ్చిన బళ్లలో చాలావాటి రోగం పాయింట్లలో ఉండదు. రోగం ఎక్కడుందో చూడకుండా కిట్టు పెడితే, వారం తిరక్కుండా అదే బండి అదే గుమ్మం ముందుకొస్తుంది. ఈసారి ఓనరు మాట వేరుగా ఉంటుంది.

బుల్లెట్‌లో పాయింట్లు టైమింగ్ వైపు, బ్యారెల్ వెనక గుండ్రటి మూత కింద ఉంటాయి. లోపలి షాఫ్టు క్రాంక్ వేగంలో సగం వేగంతో తిరుగుతుంది. పాయింట్లు మూసుకున్నప్పుడు కాయిల్‌లో 3-4 ఆంపియర్ల కరెంటు పారుతుంది. క్యామ్ వాటిని విడదీయగానే ఆ కరెంటు తెగి, ప్లగ్గులో నిప్పురవ్వ పుడుతుంది. పాయింట్ల మధ్య ఆ నిప్పు పుట్టకుండా కాచేది కండెన్సర్. ఈ పద్ధతిని చార్లెస్ కెటరింగ్ 1910 ప్రాంతంలో అమెరికాలో కాడిలాక్ కార్ల కోసం తయారుచేశాడు. మద్రాసు పక్కన తిరువొత్తియూరులో 1955లో మొదలైన ఎన్‌ఫీల్డ్ కూడా కొన్ని దశాబ్దాలు దీన్నే వాడింది. అంతకాలం నడిచిందంటే పద్ధతిలో దోషం లేదు. దానికి ఆలనాపాలనా కావాలి, అంతే. ఇప్పుడు ఆ ఓపిక ఓనర్లకు లేదు, మంచి విడిభాగమూ సులువుగా దొరకదు.

రెండో సంగతే పెద్ద తలనొప్పి. పుత్లీబౌలి, రాణీగంజ్, విజయవాడ ఆటోనగర్, ఎక్కడ కొన్నా పాయింట్ల సెట్టు, కండెన్సర్ మాత్రం డబ్బా మీది పేరు చూసి కాక వస్తువు చూసి కొనాలి. డూప్లికేట్ సెట్టులో క్యామ్‌ను రుద్దుకునే ఫైబర్ మడమ మెత్తగా ఉంటుంది. అది అరిగేకొద్దీ గ్యాప్ తగ్గుతుంది, గ్యాప్ తగ్గితే పాయింట్లు ఆలస్యంగా తెరుచుకుంటాయి, టైమింగ్ వెనక్కి పోతుంది. బండి లాగదు, హెడ్డు వేడెక్కుతుంది, సైలెన్సర్ పైపు నీలంగా మారుతుంది. నాసిరకం కండెన్సరైతే చల్లగా ఉన్నప్పుడు బాగానే ఉండి, ఎండలో ఇంజను కాగాక చచ్చిపోతుంది. అరగంట చెట్టు కింద నిలబెడితే మళ్లీ స్టార్టవుతుంది. ఓనరు పెట్రోలు మీద అనుమానపడుతూ ట్యాంకు కడిగిస్తాడు.

అందుకే ముందు పాయింట్లతోనే బండిని సరిగ్గా నడిపించండి. కిట్టు మాట ఆ తర్వాత. ఫీలర్ గేజ్‌తో గ్యాప్ 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు పెట్టండి. మొహాలు కాలి గుంటలు పడితే కండెన్సర్ మార్చండి. పాయింట్లు మూసుకున్న చోట ఇంజను ఆపి, ఇగ్నిషన్ ఆన్ చేసి, మల్టీమీటరుతో ఒకసారి బ్యాటరీ దగ్గర, ఒకసారి కాయిల్‌కు కరెంటొచ్చే చోట వోల్టేజీ చూడండి. రెండింటికీ అర వోల్టు కంటే ఎక్కువ తేడా ఉంటే ఇగ్నిషన్ స్విచ్చులోనో, ఏ కనెక్టరులోనో వోల్టేజీ పడిపోతోందన్నమాట. ఆ కొలత తీయగానే తాళం తిప్పేయండి, పాయింట్లు మూసుకుని ఉండగా ఆన్‌లో వదిలేస్తే కాయిల్ కాలుతుంది. తర్వాత బండి స్టార్ట్ చేసి, రేజింగ్‌లో చార్జింగ్ చూడండి. 12 వోల్టుల బండికి 14 అటూ ఇటూ ఉండాలి. షాఫ్టును వేలితో పట్టి అటూ ఇటూ కదిపి చూడండి. ఆడుతుంటే బుష్ పోయింది. బుష్ పోయిన షాఫ్టు మీద గ్యాప్ ఎన్నిసార్లు పెట్టినా నిలవదు. కొత్త కిట్టు రోటరు కూడా అదే షాఫ్టు మీద కూర్చుంటుంది కాబట్టి ఆ ఊగులాట దానికీ అంటుతుంది.

ఈ పరీక్షలతో సగం దారిలోనే కొన్ని బళ్లు బాగుపడతాయి. అప్పుడు ఓనరుకు ఉన్నమాట చెప్పండి: బండి నడుస్తోంది, ఇక కిట్టు మీ ఇష్టం. మీకు కిట్టు బేరం పోవచ్చు. పోనివ్వండి, ట్యూనింగ్ బిల్లు ఎటూ వస్తుంది. పైగా ఈ పరీక్షలు లేకుండా కిట్టు పెట్టడం కురిసే కప్పు కింద కొత్త పరుపు వేసినట్టు. పాయింట్లు నీరసించిన బ్యాటరీతోనూ ఎలాగోలా నిప్పిస్తాయి. ఎలక్ట్రానిక్ మాడ్యూల్ అలా సర్దుకోదు. బ్యాటరీ 9-10 వోల్టులకు దిగజారితే చాలా కిట్లు మిస్సింగ్ ఇస్తాయి, కొన్ని పూర్తిగా నోరు మూసుకుంటాయి. నెలల తరబడి షెడ్డులో నిలబడే బండికి ఇది ముఖ్యం. నిలబడితే పాయింట్ల మీద చిలుము పడుతుంది, సముద్రం పక్క ఊళ్లలో ఇంకా తొందరగా. అది శుభ్రమైన కాగితం ముక్కతో రుద్దితే పోతుంది. ఎలక్ట్రానిక్ బండికి చిలుము బాధ లేదు, కానీ డౌనైన బ్యాటరీని కాగితంతో రుద్ది లేపలేం.

ఇక కిట్టు కొనే దగ్గర జరిగే గందరగోళం. మన షెడ్లలో ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ అంటే అన్నీ సీడీఐలే. నిజానికి అవి రెండు జాతులు: సీడీఐ, టీసీఐ. సీడీఐలో కెపాసిటర్ ఉంటుంది, అందులో 200 నుంచి 300 వోల్టులు నింపి ఒక్కసారిగా కాయిల్‌లోకి వదులుతారు. టీసీఐలో పాయింట్లు చేసే పనినే ట్రాన్సిస్టర్ చేస్తుంది. బ్యాటరీ కరెంటు కాయిల్‌లో పారుతుంటుంది, సరైన క్షణంలో ట్రాన్సిస్టర్ దాన్ని తెంపుతుంది. పాయింట్ల ప్లేటు తీసి, ఆ చోటే సెన్సర్ బిగించే కిట్లు ఎక్కువగా ఈ రెండో జాతివి. రెండింటి కాయిల్స్ వేరు. సీడీఐ కాయిల్ ప్రైమరీ ఓమ్ లోపే ఉంటుంది. పాయింట్ల బండి 12 వోల్టుల కాయిల్ సాధారణంగా 3-4 ఓమ్‌లు. సీడీఐ కాయిల్‌ను టీసీఐ మాడ్యూల్‌కు తగిలిస్తే కరెంటు హద్దు మీరి పారి మాడ్యూల్ కాలుతుంది. పాత 6 వోల్టుల కాయిల్‌నే ఉంచేసి 12 వోల్టుల మాడ్యూల్ కలిపినా అంతే. కిట్టు కాగితంలో కాయిల్ కనీసం ఎన్ని ఓమ్‌లుండాలో రాస్తారు. ఆ అంకె చూడకుండా వైరు కలపకండి. అంత చిన్న ఓమ్‌లు కొలిచేటప్పుడు ముందు మల్టీమీటరు రెండు పిన్నులు తాకించి, వచ్చిన అంకెను కొలతలోంచి తీసెయ్యాలి. ఆ రెండు క్షణాల పని ఎగ్గొట్టి కాయిల్‌ను అనుమానించేవాళ్లు చాలామంది.

6 వోల్టుల బండి వస్తే లెక్క మారుతుంది. కొన్ని కిట్లు 6 వోల్టులకూ దొరుకుతాయి, కానీ దానికంటే ముందు చార్జింగ్‌ను 12 వోల్టులకు మార్చడం మంచిది. రెగ్యులేటర్ రెక్టిఫయర్, బ్యాటరీ, కాయిల్, బల్బులు, హారన్, అన్నీ మారాలి. అది వేరే పని, వేరే బిల్లు. ఇగ్నిషన్ బేరంలో దాన్ని కలిపేసి ఒకే రేటు చెప్పారా, నష్టం మీదే.

బిగించేటప్పుడు ప్రమాదం అడ్వాన్స్ దగ్గరుంది. బుల్లెట్ షాఫ్టు మీద బరువులు, స్ప్రింగులు ఉంటాయి. ఇంజను వేగం పెరిగేకొద్దీ అవి విచ్చుకుని టైమింగ్‌ను ముందుకు జరుపుతాయి. కొన్ని కిట్లు ఆ బరువుల్ని అలాగే వాడుకుంటాయి. కొన్నిటిలో అడ్వాన్స్ మాడ్యూల్ లోపలే ఉంటుంది. రెండో రకం పెట్టి పాత బరువుల్ని కదిలేలా వదిలేస్తే అడ్వాన్స్ రెండింతలవుతుంది. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు టకటకమని నాకింగ్, వేడి, చివరికి పిస్టన్ ఖర్చు. అందుకే రెండో రకంలో బరువుల యూనిట్‌ను తీసెయ్యడమో, కదలకుండా బిగించడమో కాగితం చెప్పినట్టు చెయ్యాలి. మొదటి రకమైతే స్ప్రింగులు సాగాయా, బరువులు పిడచకట్టిన గ్రీజులో ఇరుక్కున్నాయా చూడాలి. విచ్చుకున్న చోటే ఇరుక్కుపోతే కిక్ రిటర్న్ కొడుతుంది. బుల్లెట్ రిటర్న్ దెబ్బ ఎలా ఉంటుందో కాలి ఎముకను అడగాలి.

టైమింగ్‌కు పిస్టన్ కంప్రెషన్ మీద టాప్‌లో ఉండాలి. ఎగ్జాస్ట్ చివరి టాప్ కాదు. ట్యాపెట్ మూత తీసి రెండు పుష్ రాడ్లూ వేలితో తిరుగుతున్నాయో లేదో చూస్తే తెలుస్తుంది. పాత బుల్లెట్ 350కి పాయింట్లు విడిపోయే చోటు టాప్‌కు 0.8 మిల్లీమీటర్ల ముందు, అంటే క్రాంక్ మీద సుమారు 10 డిగ్రీలు. బరువుల్ని వాడుకునే కిట్టుకు కొలతగా దీన్నే పట్టుకోవచ్చు, బరువులు పూర్తిగా ముడుచుకుని ఉండగా. లోపలే అడ్వాన్స్ ఉన్న కిట్టుకు మాత్రం కాగితంలో రాసిందే వేదం. ప్లగ్గు రంధ్రంలో స్పోకు కడ్డీ దూర్చి కొలిచే అలవాటు మనకుంది. బుల్లెట్ ప్లగ్గు రంధ్రం ఏటవాలుగా ఉంటుంది కాబట్టి స్పోకు పక్కకు జారి అబద్ధం చెబుతుంది. డిగ్రీ డిస్కు కొనుక్కోండి. దాని ఖరీదు ఒక పాడైన పిస్టన్ కంటే ఎప్పుడూ తక్కువే. ప్రైమరీ కవరు మూసి ఉండే ఈ బండిలో స్ట్రోబ్ లైటుతో సరిచూడటం అంత తేలిక కాదు, కాబట్టి చివరి పరీక్ష రోడ్డు మీదే. మూడో గేరులో ఎత్తు ఎక్కించి చెవి పెట్టండి. నాకింగ్ వినబడితే కొద్దిగా వెనక్కి, లాగుడు మందంగా ఉంటే కొద్దిగా ముందుకు.

వైరింగ్‌లో పనంతా ఎర్త్ మీదే ఉంది. పాయింట్లకు ఇంజను బాడీయే ఎర్త్. మాడ్యూల్‌కు ఆ నమ్మకం చాలదు. కొత్తగా పౌడర్ కోటింగ్ చేయించిన ఫ్రేములో బోల్టు కింద రంగు ఉంటే కరెంటు దాటదు. ఎర్త్ వైరు నేరుగా బ్యాటరీ నెగటివ్‌కు వేసెయ్యండి. అంతకంటే ముందు బ్యాటరీలో ఏ కొన ఎర్త్ అయిందో చూడండి. పాత ఇంగ్లీషు బళ్లలో పాజిటివ్ ఎర్త్ ఉన్నవి ఉన్నాయి, తిరగేసి కలిపితే మాడ్యూల్ ఆ క్షణమే పోతుంది. మాడ్యూల్‌ను సిలిండర్ పక్కన పెట్టకండి. మన మే నెల ఎండకు ఇంజను సెగ తోడైతే అది ఎక్కువ కాలం బతకదు. టూల్ బాక్సులోనో, సీటు కిందో గాలి తగిలే చోట పెట్టండి. ప్లగ్గు క్యాప్ 5 కిలో ఓమ్ రెసిస్టర్ ఉన్నదే వాడాలి. లేదంటే ప్లగ్గు తీగ రొదకే మాడ్యూల్ తికమకపడి ఇష్టమొచ్చిన చోట నిప్పు కొడుతుంది. ప్లగ్గు గ్యాప్ పాయింట్లకు అర మిల్లీమీటరు లోపే పెట్టేవాళ్లం. ఇప్పుడు 0.6 నుంచి 0.7 దాకా, కిట్టు ఒప్పుకున్నంత మేరకే. ఇంకొక కఠిన నియమం ఉంది. ప్లగ్గు క్యాప్ గాలిలో వేలాడుతుండగా కిక్ కొట్టొద్దు. నిప్పు చూడాలంటే ప్లగ్గును హెడ్డుకు ఆనించి చూడండి. ఫ్రేము మీద వెల్డింగ్ చేయిస్తుంటే మాడ్యూల్ కనెక్టర్లు, బ్యాటరీ ముందే విప్పండి.

బండి అప్పగించే రోజు ఓనరుకు నేర్పాల్సింది ఒకటుంది. పాయింట్ల బుల్లెట్‌ను ఆంపియర్ మీటరు చూసి కిక్ కొట్టడం అలవాటు. డీకంప్రెసర్ నొక్కి కిక్‌ను మెల్లగా దించుతుంటే, పాయింట్లు తెరుచుకోగానే ముల్లు ఎడమ నుంచి మధ్యకొస్తుంది. పిస్టన్ సరైన చోటికి వచ్చిందని అదే గుర్తు. చాలా ఎలక్ట్రానిక్ కిట్లలో ముల్లు ఆ ఆట ఆడదు. ఇగ్నిషన్ ఆన్ చేసి కాసేపు వదిలితే కరెంటు తనంతట తాను ఆపేసే కిట్లున్నాయి కూడా. ఇది చెప్పకపోతే, ముల్లు కదలట్లేదని ఓనరు రాత్రి పదింటికి ఫోన్ చేస్తాడు. కాలికి బిగువు తగిలిన చోటు గుర్తుపట్టి, డీకంప్రెసర్ నొక్కి కొంచెం దాటించి, లివర్ పైకి వదిలి కొట్టడం అతనిచేత మీ ఎదుటే ఒకసారి చేయించండి.

తీసిన పాయింట్ల ప్లేటు, కండెన్సర్, బరువులు చెత్త డబ్బాలో వెయ్యొద్దు. పేరు, బండి నంబరు రాసి కవరులో పెట్టి ఓనరు చేతికివ్వండి. వాటికి రెండు వాడకాలున్నాయి. దూర ప్రయాణంలో మాడ్యూల్ పోతే కొత్తది ఆ ఊళ్లో దొరకదు, పాయింట్లైతే ఏ పాతకాలపు మెకానిక్ అయినా బిగిస్తాడు. రెండోది కాగితాల పని. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన బళ్లకు వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది. దానికి బండి అసలు రూపంలో, ఇంజను, ఛాసిస్, బాడీలో పెద్ద మార్పులు లేకుండా ఉండాలి. ఆ దారిలో వెళ్లాలనుకునే ఓనరుకు, ప్రదర్శనలకు తీసుకెళ్లే ఓనరుకు, పాయింట్లు మార్చొద్దనే చెప్పండి. మార్చక తప్పదంటే, ప్లేటు, కేసింగ్ దేన్నీ కోయకుండా, రంధ్రం కొట్టకుండా, విప్పితే మళ్లీ పాతది పట్టే కిట్టే తెప్పించండి.

బిల్లును రెండు భాగాలుగా రాయండి. ముందు చేసిన పరీక్షలు, చార్జింగ్, వైరింగ్ పని ఒకటి. కిట్టు, దాన్ని బిగించిన కూలి ఇంకొకటి. కాయిల్ ఓమ్‌లు, చార్జింగ్ వోల్టేజీ, పెట్టిన టైమింగ్ ఆ బిల్లు వెనకే రాసి, దాని ఫొటో మీ ఫోన్‌లో ఉంచుకోండి. మాడ్యూల్ గ్యారంటీ అమ్మినవాడిది, బిగింపు గ్యారంటీ మీది. ఆ తేడా డబ్బు తీసుకునే ముందే నోటితో చెప్పి, కాగితం మీద కూడా పెట్టండి.