జ్ఞానదంతానికి ఏ మత్తుసూది మేలు?

పదిహేడు నుండి పాతికేళ్ళ మధ్య, అంటే మనం కాలేజీలో ఉండే వయస్సులోనే, జ్ఞానదంతాలు వస్తాయి. దవడలో చోటు చాలకపోతే అవి అడ్డంగా పెరిగి, చిగురు వాచి, నోరు తెరవనీయవు. అప్పుడు ఎముకను కొంత చెక్కి పన్ను తీయవలసి వస్తుంది. రోగి మెలకువగానే ఉంటాడు గనుక భారమంతా మత్తుసూదిదే.

ఈ మందు నరంలోకి సోడియం అయాన్లు పోయే దారిని మూసివేస్తుంది. దానితో నొప్పి కబురు మెదడుకు చేరదు. చీము పట్టినచోట ఆమ్లత ఎక్కువ. అక్కడ మందు నరంలోకి సరిగా చొరబడలేదు. వాపు తగ్గాక రమ్మని డాక్టరు చెప్పడానికి ఇదొక కారణం.

ఇక మూడు మందులను పోల్చి చూద్దాం.

లిగ్నోకెయిన్: స్వీడన్‌లో లోఫ్‌గ్రెన్ 1943లో తయారుచేశాడు. మన దేశంలో పళ్ళ డాక్టర్లు ఎక్కువగా వాడేది ఇదే. 2 శాతం ద్రావణంలో కొద్దిగా అడ్రినలిన్ కలుపుతారు. అది రక్తనాళాలను ముడిచి మందును అక్కడే నిలుపుతుంది. సుమారు 3-5 నిమిషాల్లో తిమ్మిరెక్కుతుంది. పెదవి తిమ్మిరి 3-5 గంటలుంటుంది.

ఆర్టికెయిన్: జర్మనీలో 1976లో వాడుకలోకి వచ్చింది. బెంజీన్ వలయానికి బదులు థయోఫీన్ వలయం ఉండడంవల్ల కొవ్వులో బాగా కరిగి, త్వరగా పనిచేస్తుంది. చాలావరకు రక్తంలోనే విడిపోతుంది. అయితే ఇది 4 శాతం ద్రావణం. కిలోకు 7 మి.గ్రా. హద్దు అనుకుంటే, 50 కిలోల మనిషికి అడ్రినలిన్ కలిపిన లిగ్నోకెయిన్ 17.5 మి.లీ. దాకా ఇవ్వవచ్చు, ఇది మాత్రం 8.75 మి.లీ. దాటరాదు.

బ్యూపివకెయిన్: 0.5 శాతం ద్రావణం. ఆలస్యంగా పట్టినా, తిమ్మిరి 5-9 గంటలు నిలుస్తుంది. పొరపాటున రక్తనాళంలోకి ఎక్కితే గుండెకు ప్రమాదం కనుక జాగ్రత్త ఎక్కువ కావాలి.

కుర్చీలో ఉన్నంతసేపు మొదటి రెండింటికీ తేడా స్వల్పమే. అసలు తేడా ఇంటిదారిలో తెలుస్తుంది. శ్రీకాకుళంలో పన్ను తీయించుకుని ఇచ్ఛాపురం బస్సెక్కినవాడికి, ఇల్లు చేరి కాస్త కుదుటపడేలోగానే లిగ్నోకెయిన్ దిగిపోతుంది. నొప్పి ఓర్వలేక మందుల షాపులో డైక్లోఫెనాక్ మాత్రలు కొంటాడు. మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి ఇవి మరింత చేటు. కవిటి, కంచిలి, సోంపేట ప్రాంతాల ఉద్దానంలో ఎందరికో కిడ్నీ జబ్బున్నది; దాని కారణం ఇంకా తేలలేదు. ఆ జబ్బు కోసమే 2023లో పలాసలో ప్రత్యేక ఆస్పత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి.

అటువంటివారికి చివరలో ఒక బ్యూపివకెయిన్ సూది వేస్తే మొదటి కొన్ని గంటల నొప్పి గడుస్తుంది, మాత్రల అవసరం తగ్గుతుంది. తిమ్మిరి దిగేదాకా వేడి గంజి తాగరాదు. పెదవి కొరుక్కోకుండా చూసుకోవాలి.

కనుక మిత్రులారా, కుర్చీ ఎక్కేముందే కిడ్నీ జబ్బు, గుండెజబ్బు, బి.పి., వాడుతున్న మందులు, ఇంటి దూరం డాక్టరుగారికి చెప్పండి. ఏ సూది వేయాలో ఆయన నిర్ణయించేది వాటిని బట్టే.