‘సరే సార్’ అనే ముందు

శుక్రవారం సాయంత్రం. హైదరాబాద్ విద్యానగర్‌లో నేను కొత్తగా చేరిన ఆఫీసు. మీటింగ్ అయిపోవచ్చింది, అందరి చేతులూ బ్యాగుల మీదే ఉన్నాయి. “వచ్చే సోమవారానికి జాబితా సిద్ధంగా ఉండాలి” అన్నారు మా పెద్దసారు. “సరే సార్” అన్నాను. సోమవారం పదిన్నరకు ఆయన నా బల్ల దగ్గరికొచ్చి చెయ్యి చాపారు. నా లెక్కలో ‘వచ్చే సోమవారా’నికి ఇంకా వారం ఉంది.

ఆయన స్పష్టంగానే చెప్పారు, నేను శ్రద్ధగానే విన్నాను. “ఏ తారీఖు సార్?” అన్న ఒక్క ముక్క మాత్రం నా నోట రాలేదు.

కథ వింటూ ఊ కొట్టడం మనకు చిన్నప్పటి అలవాటు. మా నానమ్మ మాత్రం నా ‘ఊ’ని నమ్మేది కాదు. మధ్యలో ఆగి, “కథ ఎక్కడిదాకా వచ్చిందిరా?” అనేది. నిద్రలో ఊ కొడుతున్నవాణ్ని అక్కడే దొరికిపోయేవాణ్ని. ఆఫీసుల్లో మనమనే ‘సరే’, ‘ఓకే’, ‘అట్లాగే సార్’ చాలావరకు ఆ నిద్రలో ఊ లాంటివే.

విన్నది తిరిగి చెప్పండి

మా ఆఫీసుకు దగ్గర్లోని తార్నాక పక్కనే లాలాగూడ, మెట్టుగూడ. రైల్వే కుటుంబాలుండే పేటలు. విన్నది తిరిగి చెప్పడం రైల్వేలో మర్యాద కాదు, నిబంధన. సిగ్నల్‌తో ముడిపెట్టని (ఇంటర్‌లాకింగ్ లేని) రైలు గేటు దగ్గర గేట్‌మన్ “గేటు వేశాను” అంటే స్టేషన్ మాస్టరుకు చాలదు. తన దగ్గరున్న షీటులోంచి ఒక ప్రైవేట్ నంబరు కూడా చెప్పాలి, అది రాతలోకి ఎక్కాలి. ఇంజన్‌లో లోకో పైలట్, అసిస్టెంటు ఎదుటి సిగ్నల్ ఏమిటో ఒకరికొకరు పైకి చెప్పుకుంటారు. ఒకరి మీద ఒకరికి నమ్మకం లేక కాదు. మనసులో ఉన్న పొరపాటు బయటికి అంటేనే దొరుకుతుంది కాబట్టి.

మనకు ప్రైవేట్ నంబర్లు అక్కర్లేదు. ఏ పని, ఎప్పటికి, ఎవరికి అన్న మూడు సంగతులు చాలు. “అంటే 40 పేర్లు, ఫోన్ నంబర్లతో సహా, 14వ తారీఖు పొద్దున పదింటికి మీకే ఇవ్వాలి, అంతేనా సార్?” ఒక్క గుక్కలో అయిపోయే మాట. అడిగితే ఏమనుకుంటారోనని జంకితే, “మళ్లీ మిమ్మల్ని ఇబ్బంది పెట్టకుండా ఒకసారి చెప్పేస్తాను సార్” అని మొదలుపెట్టండి.

“అర్థమైందా?” అనకండి

పని అప్పజెప్పేవాళ్లకూ ఒక మాట. “అర్థమైందా?” అంటే మన దగ్గర ఒకటే జవాబు: “అయింది సార్.” కాలేదంటే చిన్నతనం. దాని బదులు “ముందు ఏం చేస్తావు?” అని అడగండి. జవాబు మొదటి వాక్యంలోనే తేడా బయటపడుతుంది.

గడువు చెప్పేటప్పుడు భాష కూడా తిప్పలు పెడుతుంది. మా ఆఫీసుకు దగ్గర్లోని ఉస్మానియా 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైన విశ్వవిద్యాలయం. ఈ చుట్టుపక్కలే సీసీఎంబీ, ఐఐసీటీ, జాతీయ పోషకాహార సంస్థ వంటి పరిశోధన సంస్థలు. ఇక్కడ ఒకే టీ బల్ల చుట్టూ నాలుగు భాషలు తిరుగుతుంటాయి. హిందీలో ‘కల్’ అంటే నిన్నా అవుతుంది, రేపూ అవుతుంది. మన ‘రేపు’ మాత్రం తక్కువదా? “రేపు పండక్కి వస్తాం” అన్నవాళ్లు రేపే వచ్చి తలుపు కొట్టరు. అందుకే గడువును మాటల్లో వదిలేయొద్దు. తేదీ, గంట అంకెల్లో చెప్పండి.

పదిమందిలో ఉన్నప్పుడు

1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భావే దళితవాడకు వెళ్లి, మీకేం కావాలని అడిగారు. వాళ్లు భూమి కావాలన్నారు. ఎంత అంటే 80 ఎకరాలన్నారు. ఆయన ఆ సంగతి ఊరి జనం ముందు పెట్టారు. వాళ్లలోంచి వెదిరె రామచంద్రారెడ్డి అనే భూస్వామి లేచి 100 ఎకరాలిస్తానన్నారు. భూదానోద్యమం అక్కడ పుట్టింది. వినోబా పద్ధతి చూడండి. సాధారణంగా నోరు విప్పనివాళ్లను ముందు అడిగారు. ‘భూమి’ దగ్గర ఆగక లెక్క తేలేదాకా విన్నారు. విన్నది అందరికీ వినిపించారు.

మీటింగ్‌లోనూ ఇదే వరస పనికొస్తుంది. అందరికంటే చిన్న ఉద్యోగిని ముందు మాట్లాడనివ్వండి. పెద్దసారు అభిప్రాయం చెప్పేశాక ఇంకోలా అనేవాళ్లు అరుదు. ఎవరి మాటకైనా మధ్యలో ఎవరో అడ్డం వస్తే, “ఆయన చెప్పేది ఇంకా అవ్వలేదు” అని గుర్తుచేయండి. అలా ఆదుకున్నవాళ్లను జనం మరచిపోరు. ఎదుటివాళ్లతో మీరు ఒప్పుకోకపోతే, ముందు వాళ్ల వాదన ఒక వాక్యంలో చెప్పి, వాళ్లు అవునన్నాకే మీది మొదలుపెట్టండి. లేచేముందు ఎవరు, ఏమిటి, ఎప్పటికి అన్నది వాట్సాప్ గ్రూపులో మూడు లైన్లు పెట్టండి.

ఆ సోమవారం అన్నం మానుకుని, సాయంత్రానికి ఎలాగో జాబితా ఇచ్చాను. అప్పట్నుంచి ఆయన “వచ్చే వారం” అనగానే నా వేలు గోడ మీది క్యాలెండర్ మీదికి పోయేది. “ఇదేనా సార్?” అనేవాణ్ని. చాలాసార్లు ఆయన వేలు ఇంకో గడిలో ఆగేది.