ఇంటర్ ఫలితాలకు ముందు అమ్మానాన్నలకు

జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి. ఏప్రిల్ వచ్చిందంటే తెలిసినవాళ్లు ఇప్పటికీ ఫోన్ చేస్తారు, "మావాడు అదోలా ఉంటున్నాడు మాస్టారూ" అని. వాళ్లకు చెప్పే మాటలివి.

1. మార్కులొక్కటే ఎవరినీ ఆత్మహత్య దాకా తీసుకుపోవు. వెనకాల నెలల తరబడి నిద్ర లేకపోవడం, హాస్టల్లో ఏడిపింపులు, ప్రేమలో దెబ్బ, ఇంట్లో అప్పుల గొడవ, వైద్యం అందని దిగులు కలగలిసి ఉంటాయి. పైగా మెమో బ్రహ్మరాతేమీ కాదు. 2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో 99 రావలసిన అమ్మాయికి సున్నా వేశారు.

2. "నేను లేకపోతే మీకు హాయి" అన్నా, ఇష్టపడి కొనుక్కున్న వస్తువులు పంచిపెట్టేస్తున్నా, స్నేహితుల్ని తప్పించుకు తిరుగుతున్నా 'వయసు అలాంటిదిలే' అని కొట్టిపారేయకండి.

3. అనుమానం వస్తే సూటిగా అడగండి: "చచ్చిపోవాలనిపిస్తోందా నాన్నా?" నోరు రాదు, తెలుసు. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని అందరికీ భయం. పరిశోధనలు అలా చెప్పడం లేదు. అడిగితే చాలామందికి గుండె బరువు దిగుతుంది. విచారణ పెట్టినట్టు ఎదురుగా కూర్చోబెట్టకండి. బండి మీద వెళ్తూనో, వంటింట్లో చిక్కుడుకాయలు ఒలుస్తూనో అడగండి. అవునంటే, "నీకోసం ఎంత కష్టపడ్డాం" అన్న మాట ఆ పూట నోటికి రానివ్వొద్దు. "ఎప్పటినుంచి?" అని అడిగి, చెప్పేదంతా వినండి. సలహాలు తర్వాత.

4. అలాంటి ఆలోచనలున్న రోజుల్లో పిల్లల్ని ఒంటరిగా వదలొద్దు. పురుగుమందులు, మాత్రలు తాళం వేసి పెట్టండి. ఉద్ధృతమైన ఆ ఘడియ చాలాసార్లు గడిచిపోతుంది.

5. సైకియాట్రిస్ట్ దగ్గరికెళ్తే రేపు సంబంధాలు రావంటారు కొందరు. ముందు పిల్లని బతకనివ్వండి! మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఏ వేళనైనా ఉచితంగా, తెలుగులో మాట్లాడొచ్చు; తల్లిదండ్రులూ చేయొచ్చు. ప్రాణం మీదికి వస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. పోలీసు కేసు భయంతో దాచకండి: 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, సాయపడాలి.

6. ఫలితాల రోజు సెలవు పెట్టి పక్కనే ఉండండి. తప్పితే సప్లిమెంటరీ ఆ వేసవిలోనే ఉంటుంది, ఏడాది పోదు. ఫీజు గడువు మాత్రం కొద్ది రోజులే. ఆ పరుగులు పిల్లలకు వదలకుండా మీరే చూసుకోండి.