‘ప్రింట్ రావట్లేదు’ అనే టికెట్‌తో మొదలయ్యే ఉద్యోగం

డెస్క్‌టాప్ సపోర్ట్‌లో చేరినవాళ్లకు మొదటి వారంలోనే తగిలే ఫిర్యాదు ‘ప్రింట్ రావట్లేదు’. అమీర్‌పేటలో లినక్స్ కోర్సు చేసి, క్లౌడ్ మీద కన్నేసి వచ్చిన కుర్రాళ్లకు ఇది నామోషీగా ఉంటుంది. టోనర్ మార్చడానికా ఇంత చదివామని గొణుక్కుంటారు. నన్నడిగితే, యూజర్లు, అనుమతులు, సర్వీసులు, పోర్టులు, లాగ్ ఫైళ్లు అన్నీ ఒక్క పనిలోనే పరిచయమయ్యేది ఇక్కడే. ఇంటర్వ్యూ చేసేవాళ్లకూ ఆ సంగతి తెలుసు కాబట్టే ఫ్రెషర్లను ప్రింటర్ ప్రశ్న అడుగుతారు.

‘ఫ్లోర్ మొత్తం వాడే ప్రింటర్ ఆగిపోయింది, ఏం చేస్తావు?’ అంటే ఎక్కువమంది చెప్పే జవాబు ‘స్పూలర్ రీస్టార్ట్ చేస్తాను సార్’. తప్పేమీ కాదు. కానీ ‘ఒక్కరికే రావట్లేదా, అందరికీనా?’ అని ఎదురు ప్రశ్న వేసిన అభ్యర్థి వైపే ప్యానెల్ మొగ్గుతుంది. ఒక్కరికే అయితే వాళ్ల డిఫాల్ట్ ప్రింటర్, డ్రైవర్, అనుమతి చూడాలి. అందరికీ అయితే క్యూ, సర్వర్, నెట్‌వర్క్, లేదా ప్రింటరే. సగం వెతుకులాట ఆ ఒక్క ప్రశ్నతో తప్పిపోతుంది.

ఆ తర్వాత, ప్రింట్ జాబ్ ఏ మజిలీలో ఆగిందో పట్టుకోవాలి. ప్రింట్ నొక్కగానే ఫైలు నేరుగా ప్రింటర్‌కు పోదు. ముందు స్పూల్‌లో పడుతుంది. విండోస్‌లో అయితే సిస్టమ్32 కింద స్పూల్, అందులో ప్రింటర్స్ అనే ఫోల్డర్. లినక్స్‌లో వార్ డైరెక్టరీ కింద స్పూల్, అందులో కప్స్. ప్రతి జాబ్‌కూ ఒక నంబరు, ఒక యజమాని ఉంటారు. అక్కడి నుంచి ప్రింటర్‌కు అర్థమయ్యే భాషలోకి మారి, నెట్‌వర్క్ మీదుగా బయల్దేరుతుంది. ఐపీపీ అయితే 631 పోర్టు, పాత ఎల్‌పీడీ అయితే 515, చాలా ఆఫీసుల్లో నేరుగా 9100. క్యూలోకి వచ్చిందా, క్యూ దాటిందా, ప్రింటర్‌కు చేరిందా? ఈ మూడూ వరుసగా చూస్తే దొంగ దొరుకుతాడు. ప్రింటర్ ఐపీ అడ్రస్ రాత్రికి రాత్రి మారిపోవడం తరచూ కనిపించే కారణం. డీహెచ్‌సీపీలో దానికి అడ్రస్ రిజర్వ్ చేస్తే ఆ బెడద ఉండదు.

ఇక కప్స్ విషయం. మైకేల్ స్వీట్ రాసిన ఈ ప్రింటింగ్ వ్యవస్థ 1999లో విడుదలైంది, 2007లో యాపిల్ కొనుక్కుంది. మ్యాక్‌లోనూ, చాలా లినక్స్‌లలోనూ లోపల ఉన్నది ఇదే. ఇందులో కొత్తవాళ్లు తికమకపడేది ఒకటుంది. క్యూకు రెండు తాళాలు. రిజెక్ట్ చేస్తే కొత్త జాబ్‌లు లోపలికి రావు, లోపలున్నవి మాత్రం ప్రింట్ అవుతూనే ఉంటాయి. డిజేబుల్ చేస్తే కొత్తవి వస్తూనే ఉంటాయి, ప్రింట్ కావడమే ఆగుతుంది. తిరుమల క్యూ కాంప్లెక్స్‌లో బయట గేటు మూయడం వేరు, కంపార్ట్‌మెంట్లలో జనాన్ని ఉంచి దర్శనం ఆపడం వేరు కదా, అలాగన్నమాట. టోనర్ మార్చే పది నిమిషాలకు కప్స్‌డిజేబుల్ చాలు. ప్రింటర్‌ను శాశ్వతంగా తీసేస్తుంటే ముందు కప్స్‌రిజెక్ట్, మిగిలిన జాబ్‌లను ఎల్‌పీమూవ్‌తో పక్క ప్రింటర్‌కు పంపడం.

ఇంకో మెలిక కూడా ఇక్కడే ఉంది. ఎర్రర్ పాలసీ ‘స్టాప్ ప్రింటర్’ అని పెట్టి ఉంటే, ప్రింటర్ ఒకసారి అందకపోగానే క్యూ తనంతట తానే ఆగిపోతుంది. ప్రింటర్ ఆన్ చేస్తారు, కేబుల్ సరిచేస్తారు, టెస్ట్ పేజీ కూడా ప్రింటర్ ప్యానెల్ నుంచి చక్కగా వస్తుంది. కంప్యూటర్ నుంచి మాత్రం ఒక్క కాగితం రాదు. ఎల్‌పీస్టాట్ కొడితే క్యూ డిజేబుల్ అని చూపిస్తుంది. కప్స్‌ఎనేబుల్ ఇచ్చేదాకా అది కదలదు. ఈ ఒక్క ముక్క తెలియక వెండర్‌ను పిలిచి సాయంత్రం దాకా కూర్చునేవాళ్లున్నారు.

విండోస్‌లో ‘డిలీటింగ్’ అంటూ వేలాడే జాబ్‌కు చేసేది అందరికీ తెలిసిందే. స్పూలర్ సర్వీసు ఆపడం, స్పూల్‌లోని ప్రింటర్స్ ఫోల్డర్ ఖాళీ చేయడం, మళ్లీ స్టార్ట్ చేయడం. సొంత కంప్యూటర్‌లో అయితే ఫర్వాలేదు. ఉమ్మడి ప్రింట్ సర్వర్‌లో అదే పని చేస్తే అందరి జాబ్‌లూ పోతాయి. ఆసుపత్రిలో డిశ్చార్జి సమ్మరీలు, యూనివర్సిటీలో హాల్ టికెట్లు వరుసలో ఉన్నప్పుడు మొత్తం తుడిచిపెడితే మాట పడేది మీరే. ఇరుక్కున్నది ఎవరి జాబ్ అన్నది ముందు చూడండి.

సైబర్ సెక్యూరిటీ వైపు వెళ్లాలనుకునేవాళ్లకూ ఇక్కడ పని ఉంది. 2021లో బయటపడ్డ ‘ప్రింట్ నైట్‌మేర్’ లోపం విండోస్ స్పూలర్‌లోదే. దూరం నుంచే ఏకంగా సిస్టమ్ స్థాయి అధికారం చేజిక్కించుకునే వీలుండటంతో మైక్రోసాఫ్ట్ నెలవారీ అప్‌డేట్ దాకా ఆగకుండా మధ్యలోనే ప్యాచ్ విడుదల చేసింది. 2024 సెప్టెంబరులో కప్స్ కుటుంబంలోనూ లోపాలు బయటపడ్డాయి. ప్రింట్ చేయని సర్వర్‌లో స్పూలర్ ఎందుకు నడుస్తోందని అడగడం మంచి అలవాటు.

అన్నట్టు, ప్రింటర్ చిరాకుకు పెద్ద చరిత్రే ఉంది. ఎంఐటీ ఏఐ ల్యాబ్‌లో రిచర్డ్ స్టాల్‌మన్ పాత ప్రింటర్ ప్రోగ్రాంను మార్చి, ఏదైనా ఇరుక్కుంటే ఎదురుచూసేవాళ్లకు సందేశం వెళ్లేలా చేశారు. కొత్తగా వచ్చిన జిరాక్స్ లేజర్ ప్రింటర్‌కు సోర్స్ కోడ్ దొరకక, ఆ మార్పు చేయలేకపోయారు. 1983లో ఆయన గ్నూ ప్రాజెక్టు ప్రకటించడం వెనక ఆ కోపం కూడా ఉంది.

నేర్చుకోవడానికి ప్రింటర్ కొనక్కర్లేదు. ఉబుంటు వర్చువల్ మెషీన్‌లో కప్స్-పీడీఎఫ్ ప్యాకేజీ వేసుకుంటే ప్రింట్లు పీడీఎఫ్ ఫైళ్లుగా పడతాయి. ముగ్గురు యూజర్లను సృష్టించండి. ఒకరి జాబ్‌ను హోల్డ్‌లో పెట్టండి, అది ఇంకొకరి లాగిన్ నుంచి రద్దవుతుందేమో చూడండి. ప్రాధాన్యం 1 నుంచి 100 దాకా ఇవ్వొచ్చు, మామూలుగా 50 ఉంటుంది; మార్చి చూడండి. పేజీల పరిమితి పెట్టండి. డీబగ్ లాగింగ్ ఆన్ చేసి ఎర్రర్ లాగ్ చదవండి, అసలు చదువు అక్కడుంది. సర్టిఫికేషన్లలో ఎల్‌పీఐసీ-1 సిలబస్‌లో ప్రింటింగ్‌కు ప్రత్యేక భాగం ఉంది, కాంప్‌టియా ఏ ప్లస్‌లోనూ ప్రింటర్లున్నాయి.

అయితే డ్రైవర్ల పేర్లు బట్టీ పట్టకండి. ఐపీపీ ఎవ్రీవేర్, ఎయిర్‌ప్రింట్ లాంటివి వచ్చాక డ్రైవర్ లేకుండానే ప్రింట్ అవుతోంది. విండోస్ అప్‌డేట్ ద్వారా కంపెనీల డ్రైవర్లు ఇవ్వడం దశలవారీగా ఆపేస్తామని మైక్రోసాఫ్ట్ 2023లోనే చెప్పింది. ఒక్క ప్రింటింగ్‌నే నమ్ముకుని పదేళ్లు గడపడం కూడా తెలివైన పని కాదు. ఆసుపత్రి, బ్యాంకు, యూనివర్సిటీల్లో రెసిడెంట్ ఇంజినీరుగా చేరి, అక్కడి నుంచి విండోస్ లేదా లినక్స్ అడ్మిన్ వైపు జరగడం మంచిది.

అలా జరగడానికి పనికొచ్చేది మీరు టికెట్ మూసేటప్పుడు రాసే నోటు. ‘ఇష్యూ రిజాల్వ్‌డ్’ అని రాస్తే ఎవరికీ గుర్తుండరు. ‘ప్రింటర్ ఐపీ మారింది, క్యూ ఆగింది, అడ్రస్ రిజర్వ్ చేసి క్యూ ఎనేబుల్ చేశాను, ఆగిన జాబ్‌లన్నీ వచ్చాయి’ అని రాయండి. ఇంటర్వ్యూలో అనుభవం అడిగితే చెప్పాల్సిన మాటలూ అవే.