లాగితే పెరిగే చర్మం

మిర్యాలగూడలో ఉండే మా పిన్ని కూతురికి చిన్నప్పుడు తల మీద వేడి గంజి పడింది. కాలిన చోట మళ్లీ జుట్టు రాలేదు. ఈ మధ్య డాక్టర్లు ఆ మచ్చ పక్కన, బాగున్న చర్మం కింద ఒక సిలికాన్ బెలూన్ పెట్టారు. పేరు టిష్యూ ఎక్స్‌పాండర్. కుట్లు మానాక వారం వారం హైదరాబాద్ వెళ్లి, సూదితో అందులోకి కొంచెం కొంచెం సెలైన్ ఎక్కించుకోవాలి. రెండు మూడు నెలల పని. కోదాడ అమ్మమ్మ అడిగింది: "ఒక్కసారే నింపితే అయిపోతది గదా, ఇన్నిసార్లు తిరుగుడెందుకు?" సూర్యాపేటలో మా ఇంట్లో ఎవరి దగ్గరా జవాబు లేదు. అందుకే చదివాను.

తొడ చర్మం తెచ్చి అతికించొచ్చు, కానీ దాని మీద తల జుట్టు రాదు. జుట్టున్న చర్మం తల మీదే పెరగాలి. కొత్త కుదుళ్లు పుట్టవు, ఉన్నవే కాస్త దూరం జరుగుతాయి.

ఇది రబ్బరులా సాగడం మాత్రమే కాదు. నెలలు నిండేకొద్దీ గర్భిణి పొట్ట మీద చర్మం పెరిగినట్టే ఇక్కడా నిజంగా పెరుగుతుంది. చర్మం పై పొర అడుగున మూలకణాలు ఉంటాయి. మామూలుగా ఒక కణం రెండైతే, సగటున ఒకటి అడుగునే ఉంటుంది, ఇంకోటి పైకి వెళ్లి చివరికి రాలిపోతుంది. అందుకే చర్మం సైజు మారదు. 2020లో బ్రస్సెల్స్ శాస్త్రవేత్తలు ఎలుకల చర్మం కింద ఉబ్బే జెల్ పెట్టి చూశారు. లాగుడు తగలగానే అడుగున మిగిలే కణాల వాటా కొంతకాలం పెరిగింది.

మన సీఎస్ఈ భాషలో ఇదొక వైల్ లూప్. బిగువు ఉన్నంతసేపు కణాలు పెరుగుతాయి. చర్మం పెరిగితే బిగువు తగ్గుతుంది, లూప్ ఆగుతుంది. మళ్లీ సెలైన్ ఎక్కిస్తే మళ్లీ మొదలు.

అమ్మమ్మ ప్రశ్నకు జవాబు ఇదే. కణాలు విడిపోవడానికి రోజులు పడతాయి. ఒకేసారి నింపితే రక్తనాళాలు నొక్కుకుపోయి చర్మం తెల్లబడుతుంది, చచ్చిపోవచ్చు కూడా. అందుకే నొప్పి వచ్చినా, రంగు మారినా డాక్టర్ అక్కడితో ఆపేస్తారు.

1957లో అమెరికా డాక్టర్ న్యూమన్ చెవిని మళ్లీ తయారుచేయడానికి రబ్బరు బెలూన్‌తో ఇలాగే చర్మం పెంచారు. సిలికాన్, సెలైన్ పద్ధతి 1976లో రాడోవన్‌తో మొదలైంది.

ఇప్పుడు మా చెల్లి తల ఒకవైపు ఉబ్బి ఉంది. బస్సులో జనం గడ్డ అనుకుని తేరిపార చూస్తున్నారట. అది గడ్డ కాదు. అలాంటి వాళ్లు మీ ఇంట్లో ఉంటే ఒక్కటి గుర్తుపెట్టుకోండి: అక్కడ ఎర్రబడినా, జ్వరం వచ్చినా, నీరు కారినా వచ్చే వారం దాకా ఆగకుండా వెంటనే డాక్టర్‌కి చూపించాలి.